సుందరం ఎంచిన గుడారం

మా మనవరాలు శ్రావ్య కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న ముసురు రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి, నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి మారేడుమిల్లి అడవిలో రెండు రోజులు గుడారం వేసుకుని ఉండబోతున్నామని చెప్పింది. వాళ్ళమ్మ వంటింట్లోంచే "ఈ వానల్లోనా?" అంది. "వాన ఉంటేనే కదమ్మా మజా" అంది శ్రావ్య. వాళ్ళిద్దరి వాదనలోకి నేను దిగను. కానీ ఏ గుడారం కొంటున్నారో చూపించమని మాత్రం అడిగాను. ఫోను నా చేతికిచ్చింది. అందులో రంగురంగుల గుడారాలు పాతిక దాకా ఉన్నాయి, అన్నీ ఎండలో, పచ్చగడ్డి మీద, నవ్వుతున్న మనుషుల మధ్య. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాను. ఎత్తుగా ఉన్నది గాలికి ఆగదన్నాను. పై కప్పు నేల దాకా దిగిరానిది వద్దన్నాను. నీళ్ళు లోపలికి వచ్చేది గుడ్డలోంచి కాదు, కుట్లలోంచి, అందుకని కుట్ల మీద లోపలివైపు పట్టీ అంటించారో లేదో చూడమన్నాను. కింద పరిచే గుడ్డ జానెడు ఎత్తు పైకి మడిచి కుట్టి ఉండాలన్నాను. ఆ పిల్ల ఫోను చూడడం మానేసి నన్ను చూడడం మొదలుపెట్టింది.

చివరికి వాళ్ళు కొన్న గుడారం ఆ వారంలోనే వచ్చింది, నారింజ రంగుది. తరువాతి ఆదివారం మేడ మీద వేయించాను. తలుపు గాలికి ఎదురుగా కాకుండా తిప్పించి, తాళ్ళని ఇటుకలకి కట్టించి, మొక్కలకి నీళ్ళు పట్టే గొట్టంతో అరగంట సేపు పైనుంచి పోయించాను. తరువాత ఆ పిల్లని లోపలికి పంపి, కుట్ల కింద చేతి వెనక భాగంతో తడిమి చూడమన్నాను. అరచెయ్యి మొరటుది, చిన్న తడి దానికి తెలియదు. ఒక మూల కాస్త చెమ్మ తగిలిందని చెప్పింది. అక్కడ అంటించడానికి ఏం కొనాలో చెప్పాను. శ్రావ్య ఇదంతా ఫోనులో తీస్తూనే ఉంది. "తాతయ్యా, ఇవన్నీ మీకెవరు నేర్పారు?" అని అడిగింది. "నేను స్కూల్లో స్కౌట్‌ని కదమ్మా" అన్నాను. సాయంత్రానికల్లా ఆ వీడియో వాళ్ళ స్నేహితుల గుంపులో పెట్టింది, 'మా తాతయ్య, టెంట్ ఎక్స్‌పర్ట్' అని పేరు కూడా పెట్టి. ఎవరెవరో చప్పట్ల బొమ్మలు పంపారట. రాత్రి భోజనాల దగ్గర అందరికీ చూపించింది. నేను సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను. అందులో నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ నాది కాదు. అవి నేర్పిన మనిషి మీద నేను అరవై ఏళ్ళ కిందట ఒక అబద్ధం రాసి పెట్టాను.

మాది కోనసీమలో కాలవ పక్క ఊరు. మా ఇల్లు లాకులకి రెండు వీధుల ఇవతల. తెల్లవారుజామున బామ్మ తడిబట్టతో కాలవ రేవు నుంచి రాగిబిందె మోసుకొచ్చే చప్పుడుతో మాకు తెల్లవారేది. ఆమె వంటింట్లోకి వెళ్ళేదాకా మేం ఎవరం ఎదురుపడకూడదు. పెరట్లో పొయ్యి మీద నీళ్ళకాగు, దాని కింద కొబ్బరి మట్టలు, ఆ పొగ వాసన పట్టిన వేడినీళ్ళతో వరుస ప్రకారం మా స్నానాలు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడ లేకపోతే ఆయనకి పొద్దు గడవదు. ఏడో తరగతిలో నాకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, "రోజూ జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కలు రాయరా మూర్తీ. పదేళ్ళ తర్వాత నీకే ఉపయోగం" అన్నారు. నాకు ఆయన నుంచి వచ్చిన ఆస్తి ఆ అలవాటే. నా డైరీలన్నీ వరుసగా బీరువాలో ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా మాట మీద ఆఫీసులో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. మూర్తిగారు రాసి పెట్టుకుంటారు అనేవాళ్ళు.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు స్కౌట్ల దళం నడిపేవారు. అంతకు ముందటి ఏడాది జిల్లా శిబిరంలో మా గుడారం మొదటి గాలికే ఎగిరి పక్క చేలో పడింది. మిగతా స్కూళ్ళవాళ్ళు రెండు రోజులు నవ్వారు. శిబిరం ఎప్పుడూ కార్తీకంలోనే, అంటే తుఫానుల రోజుల్లోనే పెట్టేవారు. అందుకని మాస్టారు ఆ ఏడు గట్టి గుడారం కొనాలని పట్టుపట్టారు. అది ఎంచే పని సుందరానికి అప్పగించారు. సుందరం నా క్లాసువాడు, లాకుల అవతల ఉండేవాడు. వాళ్ళ నాన్న పడవలకి తెరచాపలు కుట్టేవాడు. గుడ్డ గురించి ఆ చుట్టుపక్కల ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. సామాన్ల లెక్క చూసే పని నాది కాబట్టి నేనూ వెంట వెళ్ళాలి. ఇంకో సంగతి కూడా అప్పుడే నిర్ణయమైపోయింది. ఢిల్లీలో దేశంలోని స్కౌట్లంతా కలిసే జంబోరీకి మా స్కూలు నుంచి ఒకణ్ణి పంపుతారు. శిబిరంలో మన గుడారం నిలబడితే సుందరమే వెళ్తాడని మాస్టారు అందరి ముందూ చెప్పారు. వాడు ఆ రోజు ఇంటికి నడవలేదు, పరిగెత్తాడు. నేను రెండో పేరుగా మిగిలాను.

రాజమండ్రిలో మిలిటరీవాళ్ళు తీసేసిన సామాను అమ్మే కొట్టు ఒకటి ఉండేది. అక్కడికి సుందరం, నేను, వాళ్ళ నాన్న వెళ్ళాం. కొట్టంతా కిరసనాయిలు, పాత తోలు, ఎలకల వాసన. మూడు గుడారాలు చూపించాడు కొట్టతను. ఒకటి నిగనిగలాడే ఆకుపచ్చది. నాకు చూడగానే అదే కావాలనిపించింది. సుందరం వాళ్ళ నాన్న మాత్రం దాన్ని గోరుతో గీకి, "రంగేశారు బాబూ, చిరుగులు కనపడకండా" అన్నాడు. రెండోదాన్ని తలమీద కప్పుకుని ఎండలోకి నడిచాడు. లోపలినుంచి, "చుక్కలు కనపడతన్నాయండి, పట్టపగలే" అన్నాడు. మూడోది వెలిసిపోయి, మట్టిరంగులో, గోనెపట్టాలా ఉంది. దాన్ని రెండు బల్లల మధ్య గుంటలా వేలాడదీసి చెంబెడు నీళ్ళు పోయమన్నాడు. నీళ్ళు అందులో ఉండగానే చుట్ట వెలిగించుకుని కూర్చున్నాడు. కొట్టతనికి విసుగొచ్చింది.

"ఏమయ్యా, గుడారం కొంటావా, పెళ్ళిచూపులు చూస్తావా?" అన్నాడు.

"రెండూ ఒకటేనండి. పైన నిగారింపు చూసి తెచ్చుకుంటే, లోపలున్నోళ్ళం తడవాల కదండీ" అన్నాడు సుందరం వాళ్ళ నాన్న. కొట్టతను కూడా నవ్వేశాడు.

చుట్ట అయిపోయాక గుడ్డ కింద చేతి వెనక భాగం ఆనించి, నా చెయ్యి కూడా పట్టుకుని ఆనించాడు. "పొడిగా ఉంది కదా? నేత దగ్గరగా ఉందన్నమాట. కుట్లు పోయాయి, అవి నేను చూసుకుంటాను." మా ఇంట్లో తెలిస్తే నాకు మళ్ళీ స్నానం తప్పదు కాబట్టి, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడన్న సంగతి ఆ రోజు డైరీలో రాయలేదు. మిగతావి మాత్రం ఒక్కటీ వదలకుండా రాశాను. శ్రావ్యకి చెప్పినవి అవే.

తరువాత రెండు వారాలు ఆ గుడారం సుందరం వాళ్ళ పెరట్లో ఉంది. తండ్రీ కొడుకులు కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టారు. తుమ్మచెక్క కాచిన ఎర్రటి కషాయం గుడ్డకి పట్టించి ఆరేశారు. మైనం, అవిసెనూనె కలిపి కాచి కుట్లకీ గుడ్డకీ రుద్దారు. బడి నుంచి వచ్చేటప్పుడు కాలవగట్టు మీద ఆగి చూసేవాణ్ణి. ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. వాళ్ళిద్దరూ దాన్ని వేసుకుని లోపల కూర్చున్నారు. వాన వెలిశాక సుందరం బయటికి వచ్చి, గట్టు మీదున్న నన్ను చూసి, చొక్కా పైకెత్తి పొడిగా ఉన్న పొట్ట చూపించాడు. వాళ్ళ నాన్న వెనకనుంచి, "సిగ్గులేదట్రా!" అని కేకేసి నవ్వాడు.

శిబిరానికి నాలుగు రోజుల ముందు గుడారాన్ని మా ఇంట్లో ఉంచమన్నారు మాస్టారు. స్కూలు సామాన్ల గది కప్పు కారుతోంది. సుందరం దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చి మా వీధి అరుగు మీద దించాడు. వాడు అరుగు దాటి రాడు, ఎవరూ రావద్దని చెప్పనక్కర్లేదు. చెమట తుడుచుకుంటూ, "ఒరేయ్ మూర్తీ, వాసనొత్తాది, మైనం వాసన. రానీ. ఉతక్కు మాత్రం. సబ్బో సోడానో తగిలిందంటే గుడ్డ చచ్చిపోద్ది. నాన్న మరీ మరీ చెప్పమన్నాడు" అన్నాడు. సరేనన్నాను. ఆ రోజు డైరీలో ఉంది, 'ఉతకరాదు' అని. కింద గీత కూడా గీశాను.

బామ్మ వసారాలోంచి చూసి అడిగింది.

"అదేంట్రా?"

"స్కౌట్ల గుడారం, బామ్మా."

"ఎవరింట్లోంచి?"

చెప్పాను. "వాళ్ళు పడుకున్న గుడ్డ. ఒకసారి నీళ్ళలో ముంచి ఆరేసి, ఆ తర్వాత లోపల పెట్టు" అంది. అంతే అంది. ఈ సంగతి జీవితంలో ఒక్కసారి, మా ఆవిడకి మాత్రం చెప్పాను. అప్పుడు కూడా బామ్మ పట్టుదల వల్ల గుడారం పాడైందని చెప్పాను. మా ఆవిడ "పాతకాలం మనుషులు" అని ఊరుకుంది. బామ్మ అడిగింది నీళ్ళు. ఆ గుడ్డకి నీళ్ళ వల్ల ఏ హానీ లేదు, అది తట్టుకోవాల్సిందే నీళ్ళని. చాకలి సోడా ఆమె అడగలేదు. అది నా చేత్తో నేను వేశాను.

ఎందుకు వేశానో అప్పుడే తెలుసు నాకు. గుడారాన్ని రేవులో ముంచి పెరట్లోకి తెచ్చాక, తడిసిన గుడ్డలోంచి చుట్ట వాసన, చేపల వాసన, మైనం వాసన ఒక్కసారిగా లేచాయి. దాని కింద నేను మూడు రాత్రులు పడుకోవాలి. వాళ్ళ ఒళ్ళు తగిలిన గుడ్డ నా దుప్పటికి తగులుతుంది. అసహ్యం వేసింది. మడి ఆచారం తప్పంటూ పెద్దవాళ్ళ చాటున నేను ఉపన్యాసాలిచ్చే వయసది. గాంధీగారి బొమ్మ అట్ట మీద ఉన్న నోటుపుస్తకంలో డైరీ రాసేవాణ్ణి. ఎవరూ చూడనప్పుడు నా చేతులు మా బామ్మకన్నా మడిగా ఉన్నాయి. కాగులో నీళ్ళు మరగబెట్టి, పశువుల కుడితి తొట్టి కడిగి, గుడారాన్ని అందులో కుక్కి, రెండు దోసిళ్ళ సోడా వేసి, వేడినీళ్ళు పోసి కాళ్ళతో తొక్కాను. నీళ్ళు ఎర్రగా మారాయి. కాసేపటికి పైన మైనం తెట్టు కట్టింది, పాల మీద మీగడలాగా. దాన్ని చూశాను. ఏం చేశానో తెలిసింది. ఆగిపోయి, సుందరం ఇంటికి పరిగెత్తి చెబితే మళ్ళీ మైనం పట్టించడానికి మూడు రోజులు ఉన్నాయి. ఆ తెట్టుని చీపురుతో తోసేసి, ఇంకోసారి జాడించాను. ఆరాక గుడ్డ మెత్తగా, మంచి వాసనతో ఉంది. నాకు తృప్తి కూడా కలిగింది. ఆ రోజు డైరీలో 'గుడారం ఆరబెట్టితిని' అని ఉంది.

శిబిరం అన్నవరం కొండ కింద ఒక మామిడి తోటలో. సుందరం రెండు రోజుల ముందునుంచి జ్వరంతో ఉండి, గుడారం వేసే వేళకి రాలేకపోయాడు. మరునాడు మధ్యాహ్నం బస్సు దిగాడు. గుడారం నేనే వేయించాను, అందరూ మెచ్చుకున్నారు, గాలికి కదలలేదు. వాడు వచ్చిన గంటకే, మూడింటికల్లా ఆకాశం నల్లబడి వాన మొదలైంది. నాలుగింటికి జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన గుడారాలన్నీ తనిఖీ చేస్తాడు. పది నిమిషాలు మాకు ఏమీ కాలేదు. తరువాత ఒక చుక్క. తరువాత కుట్ల వెంబడి వరుసగా చుక్కలు. తరువాత గుడ్డంతా ఒకేసారి చెమట పట్టినట్టయి, మా పరుపులూ అటుకుల మూటా బియ్యమూ తడిసిపోయాయి. పెద్దాయన తల లోపలికి పెట్టగానే ఆయన కళ్ళద్దాల మీద ధార పడింది. అద్దాలు తుడుచుకుంటూ పక్క గుడారానికి వెళ్ళిపోయాడు. డ్రిల్లు మాస్టారి మొహం చూడలేకపోయాం.

"ఎవడ్రా ఇది ఎంచింది?"

"నేనేనండి" అని లేచాడు సుందరం.

"మీ నాన్న తెరచాపలు కుడతాడా, జల్లెడలు కుడతాడా?"

పిల్లలందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అది డైరీలో లేదు, కానీ నాకు గుర్తుంది, నా నవ్వు మిగతావాళ్ళకన్నా కాస్త ఆలస్యంగా వచ్చింది. సుందరం చెయ్యి ఎత్తి తడిసిన గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరువాత నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. నా వెనకాల ఉన్న ఎవరినో చూశాడని చాలా ఏళ్ళు అనుకున్నాను. నా వెనకాల గుడారం గోడ తప్ప ఏమీ లేదు.

"మా వల్లే పొరపాటు జరిగిందండి" అన్నాడు మాస్టారితో.

ఆ సాయంత్రమే మాస్టారు కాగితం తీసి వాడి పేరు కొట్టేశారు. "మూర్తీ, ఢిల్లీకి నువ్వెళ్తావు" అన్నారు. "సరేనండి" అన్నాను. ఇంకో మాట చెప్పడానికి అంత సందు మళ్ళీ నాకు దొరకలేదు. ఢిల్లీ వెళ్ళాను. వచ్చాక స్కూల్లో దండ వేశారు. అక్కడిచ్చిన సర్టిఫికెట్టుని నా మొదటి ఉద్యోగం దరఖాస్తుకి జత చేశాను, ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారు. సుందరం ఆ ఏడాదితో చదువు మానేశాడు. అది గుడారం వల్లనా, వాళ్ళింటి పరిస్థితుల వల్లనా అని నేను ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా.

వీడియో చూసిన ఆ రోజే బీరువా తెరిచి ఆ డైరీ తీశాను. ఆ పేజీలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'గుడారము కారినది. సుందరం తండ్రి ఎంపికలో లోపము. నేను జంబోరీకి ఎంపికైతిని.' జరిగింది జరిగినట్టు రాయమన్నారు నాన్నగారు. అన్నేళ్ళ డైరీల్లో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే అనుకుంటూ ఉంటాను. అది కూడా నిజమో కాదో ఇప్పుడు చెప్పలేను. ఆ రోజుల్లో మా అరుగు మీద ఎవరు ఎక్కడిదాకా రావచ్చో గీత గీసినంత స్పష్టంగా ఉండేది. ఇప్పుడు ఆ గీతలు కనపడవు, మా ఇంట్లో వంట చేసే అమ్మాయిది ఏ ఊరో తప్ప మరేమీ మేం అడగం. దాన్ని మా మంచితనంగా లెక్కవేసుకుంటూ వచ్చాను. కానీ సుందరం కడియంలో ఉంటున్నాడని నాకు పాతికేళ్ళుగా తెలుసు. రాజమండ్రి నుంచి అరగంట ప్రయాణం. మొక్కలు కొనడానికి ఎన్నిసార్లు కడియం వెళ్ళానో డైరీలు తిరగేస్తే దొరుకుతుంది. వాళ్ళ కొట్టు ముందునుంచే వెళ్ళాను. ఒక్కసారీ దిగలేదు.

మర్నాడు వెళ్ళాను. నర్సరీల మీద కప్పే నీడవలలూ, లారీల టార్పాలిన్లూ కుట్టి అమ్మే కొట్టు అది, ఇప్పుడు వాళ్ళబ్బాయి చూసుకుంటున్నాడు. సుందరం గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, కళ్ళకి ఆపరేషన్ అయినవాళ్ళు పెట్టుకునే నల్ల అద్దాలు. పేరు చెప్పాను.

"ఓహో, మూర్తిగారా! రండి రండి. అమ్మాయ్, కుర్చీ పట్రా" అని లేవబోయాడు. వాళ్ళ కోడలు కుర్చీ వేసింది. "కాఫీ తాగుతారా? మా ఇంట్లో తాగుతారా మరి?" అని నవ్వాడు.

"తాగుతాను."

"అయితే రెండు పెట్టమ్మా. పంచదార తక్కువ, పెద్దాళ్ళం."

నన్ను 'ఒరేయ్' అనమని అడుగుదామనుకున్నాను. ఆ మాట అడిగే హక్కు నాకు లేదనిపించింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, దారిలో నాలుగుసార్లు కూర్చుకున్న వాక్యాలన్నీ మరిచిపోయి, "ఆ గుడారాన్ని నేను సోడాలో నానబెట్టాను, సుందరం" అన్నాను.

సుందరం పంచె మీద పడిన దారప్పోగు తీసి పక్కన వేశాడు. "తెలుసండి" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"అక్కడే. చేత్తో పట్టుకున్నాను కదా. మా నాన్న కాచిన గుడ్డ నాకు తెలీదేంటండీ?"

"మరి మాస్టారికి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే, ఎందుకు ఉతికావురా అని మిమ్మల్ని అడుగుతారు. మీరేదో చెబుతారు. లేకపోతే పిల్లలే చెప్పుకుంటారు, ఫలానావాళ్ళు పడుకున్నారని ఉతికాడంట అని. అది తిరిగి తిరిగి మా నాన్న చెవిన పడేది. రెండు వారాలు వేరే పని ముట్టుకోలేదండి ఆయన. స్కూలు గుడారం, స్కూలు గుడారం అని ఊరంతా చెప్పుకున్నాడు." ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ మాట ఆయన వినకూడదనుకున్నాను."

"మరి ఆయన ఏమనుకున్నాడు?"

"కారిందనే అనుకున్నాడు. ఏమనుకుంటాడు మరి? ఎక్కడ తప్పు చేశానురా అని నన్ను అడిగేవాడు. కళ్ళు మందగించాయేమో అన్నాడు. ఆ తర్వాత కుట్టిన ప్రతి చాపా నా చేత ఒకసారి చూపించుకుని గాని పడవెక్కించలేదు. పోయేదాకా అంతే." రోడ్డు మీద మొక్కల లారీ వెళ్తోంది, దాని చప్పుడు పోయేదాకా ఉండి, నెమ్మదిగా అన్నాడు. "ఏది చెప్పినా ఆయనకి దెబ్బేనండి. రెంటిలో ఏది చిన్నదో ఆ వయసులో నాకు తెలీలేదు. ఇప్పటికీ తెలీదు."

క్షమించమన్నాను.

"నా వరకు ఏముందిలెండి. ఢిల్లీ అంటారా, టార్పాలిన్లు కట్టడానికి మొక్కల లారీతో నేనూ వెళ్ళాను. దుమ్ము తప్ప ఏం లేదక్కడ" అని నవ్వి, తరువాత నవ్వు ఆపేశాడు. "మా నాన్నది మాత్రం నన్నడక్కండి. అది నా దగ్గర లేదు."

బరువు దించుకోవడానికి వెళ్ళినవాణ్ణి నేను. ఏదో ఒకటి చెయ్యాలని జేబులోంచి ఈ ఏటి చిన్న డైరీ తీసి, అప్పట్లో తప్పు రాశాననీ, ఇప్పుడు సరిచేసి రాస్తాననీ చెప్పాను. రాయమన్నాడు. ఏమని రాస్తున్నారో పైకి చదవమన్నాడు. రాస్తూ చదివాను. "గుడారం ఎంపికలో లోపం లేదు. సుందరం తండ్రి..."

"పేరు రాయండి" అన్నాడు.

కలం ఆగిపోయింది. ఆనాడు కొట్లో ఆయన నా చెయ్యి పట్టుకుని గుడ్డ కింద ఆనించాడు. ఆయన మాటలు ఒక్కటీ వదలకుండా రాసుకున్నాను, అవే మాటలు మొన్న నా మనవరాలికి నావిగా చెప్పాను. అన్నేళ్ళూ ఎన్నిసార్లు తలుచుకున్నా సుందరం వాళ్ళ నాన్న అనే తలుచుకున్నాను. తల దించుకుని, "ఆయన పేరేంటి, సుందరం?" అని అడగాల్సి వచ్చింది.

అద్దాల వెనక అతని కళ్ళు ఎటు చూస్తున్నాయో నాకు కనపడలేదు. "తాతారావు" అన్నాడు.

రాశాను. చెయ్యి చాపి డైరీ తీసుకుని, నల్ల అద్దాలు నుదుటి మీదికి తోసి, పుస్తకాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని ఆ ఒక్క మాట చూశాడు. మిగతా వాక్యం చదవకుండానే నాకు తిరిగి ఇచ్చేశాడు.